పెళ్ళిళ్ళకు తిరిగిన చొక్కా

నానో అనే మాట మా యూనివర్సిటీ గుమ్మం తొక్కిన కొత్తరోజులవి. పీహెచ్‌డీలో చేరి ఏడాది తిరక్కుండానే ప్రపంచాన్ని ఉద్ధరించేశానన్న ధీమాతో తిరిగేదాన్ని (మా గైడుగారికి మాత్రం ఆ సంగతి ఇంకా తెలియదు). కంటికి కనిపించనంత సన్నని సిలికా రేణువులను నూలుబట్టకు పట్టిస్తే నీళ్ళు అంటవు, పురుగుమందూ అంటదు. ప్రత్తిపాడు దగ్గర పత్తి వేసే మా పెదనాన్న చిల్లుల బనీనుతో మందు కొట్టి, సాయంత్రానికి తల తిరుగుతోందంటూ మంచానికి అడ్డంపడే మనిషి. ఆయన కోసమే నెలల తరబడి తంటాలు పడి ఒక తెల్లచొక్కా తయారుచేశాను.

సెలవుల్లో పట్టుకెళ్ళి, చెంబుతో నీళ్ళు పోసి చూపించాను. చేమాకు మీద నీళ్ళలా జారిపోయాయి. "ఓసి నీ అసాధ్యం కూలా!" అన్నాడు పెదనాన్న. మర్నాటినుంచి ఊరే ఆయన ప్రయోగశాల. టీకొట్టు ముందు రొమ్ము విరుచుకుని నిలబడి, "పొయ్యండ్రా, ఏం పోస్తారో పొయ్యండి, మా అమ్మాయి చేసింది!" అనేవాడు. ఒక పెళ్ళి పంక్తిలో వడ్డించేవాణ్ణి ఆపి మరీ గరిటెడు సాంబారు భుజం మీద పోయించుకున్నాడు (చొక్కాకి మరక అంటలేదు, పెదనాన్నకి మాత్రం బొబ్బలెక్కాయి). ఇంటికొచ్చాక ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టేవాడు. చేలోకి మళ్ళీ చిల్లుల బనీనే.

"అది చేను కోసమే చేశాను పెదనాన్నా!" అని ఏడుపుగొంతుతో మొత్తుకున్నాను.

"అంత మంచి చొక్కా మందు కొట్టడానికేసుకుంటే నలుగురూ నవ్వరటే? అయినా చేలో ఎవరు చూస్తారే?" అన్నాడు.

ఆ ఏడు పచ్చపురుగు విరుచుకుపడింది. ఎదురుగాలిలో పొద్దంతా మందు కొట్టి, ఒళ్ళంతా తడిసి చేలోనే కూలబడ్డాడు. గుంటూరు ఆసుపత్రికి బయలుదేరదీస్తూ, "డాక్టర్ల ముందుకి ఈ అవతారంతోనా?" అని పెద్దమ్మ ఆ తడి ఒంటిమీదే తెల్లచొక్కా తొడిగింది. నేను హాస్టలు నుంచి పరిగెత్తుకెళ్ళేసరికి డాక్టరు కత్తెర పట్టుకుని, "ముందు దీన్ని తీసెయ్యాలి. ఒంటిమీది మందంతా లోపలికి దిగుతోంది" అంటున్నాడు. బయటినుంచి చుక్కను రానివ్వని నా బట్ట, లోపలి విషాన్ని ఆరనివ్వలేదు. పెదనాన్న రెప్పలు వాలిపోతూనే, "కత్తిరించమాకండి... మా అమ్మాయి చేసింది" అన్నాడు. మర్నాడు పోయాడు. డాక్టరన్న మాట పెద్దమ్మకు నేనెప్పుడూ చెప్పలేదు. ఆ తల్లి బతికినన్నాళ్ళూ, "పోయేటప్పుడన్నా మంచి చొక్కాతో ఉన్నాడమ్మా" అనేది. నేను తల ఊపేదాన్ని, అవతలికి వెళ్ళి ఏడ్చేదాన్ని.

ఇప్పుడు నా తలా నెరిసింది. రైతులు మందు కొట్టేటప్పుడు వేసుకునే బట్టలే చేయిస్తున్నాను. బురదరంగు, సంచిలాంటి కుట్టు, జేబు ఉండదు. "కాస్త అందంగా చేద్దాం మేడమ్, ఇదెవరేసుకుంటారండీ?" అని కొత్తగా చేరిన అమ్మాయిలు ముసిముసిగా నవ్వుతారు. నాకు అందచందాలు తెలియవనుకుంటారు కాబోలు. దీన్ని తొడుక్కుని ఎవరూ పెళ్ళికి మాత్రం వెళ్ళరు.