డేగ కోసం మూడు రోజులు

తామ్సిన్ పార్డో ఇంగ్లండులోని డెవన్ తీరంలో తాళ్లు పేనేవాళ్ల ఇంట పుట్టింది. మొగుడు గైల్స్ వడ్రంగి. అమెరికాలోని వర్జీనియాలో భూమి ఇస్తారంటే నమ్మి, ఉన్నదంతా అమ్ముకుని ఇద్దరూ ఓడెక్కారు. గంపలో ఆరు కోళ్లను తెచ్చుకుంటే నడిసముద్రంలో ఐదు చచ్చాయి. మిగిలిన ఎర్రకోడికి గైల్స్ దొరసాని అని పేరు పెట్టాడు. అక్కడ వలసవాళ్లు కట్టుకున్న కోటలో మనుషులు తడినేల మీద పడుకుంటుంటే అది గడ్డి పరిచిన గంపలో పడుకునేది మరి.

రెండో చలికాలం గడిచేసరికి కోటలో సగంమంది మట్టిలో కలిసిపోయారు. గైల్స్‌కి కాళ్లు వాచాయి. ఆకలి రుచి ఎరగదంటారు. అతని ఆకలి ఆ దశ కూడా దాటిపోయింది. పురుగుపట్టిన మొక్కజొన్న గంజి నోట్లో పోస్తే కక్కేసేవాడు. కోడి పులుసు పడితేనే బతుకుతాడని మందులిచ్చే ముసలాయన తేల్చేశాడు.

కోడి ఇంట్లోనే ఉంది. కానీ పెంచుకునే జీవాన్ని, సొంతదైనా సరే, పెద్దల అనుమతి లేకుండా కోస్తే ఉరి. మంద పెరగాలని పెట్టిన చట్టం. మంద పెరిగిందో లేదో గానీ ఉరికొయ్యకు మాత్రం పని తగ్గలేదు.

తామ్సిన్ వెళ్లి కోటను ఏలే కెప్టెన్ కాళ్ల మీద పడింది.

"నా మొగుడు చచ్చిపోతున్నాడు అయ్యగారూ. నా కోడేగా."

"కోడీ నీదే, మెడా నీదే. ఆలోచించుకో," అన్నాడాయన. "అతనికి దాని గుడ్లు తినిపించు. గుడ్డు తింటే ఎవరూ అడగరు."

"అది నెలరోజులుగా పెట్టట్లేదండీ."

"పెట్టేదాకా ఓపిక పట్టు."

ఓపికట! కడుపు నిండినవాడికి ఎన్ని నీతులైనా వస్తాయి.

ద్వారం దగ్గర కాపలా కాసే ముసలి ఓబడయా ఆమె ముఖం చూసి దగ్గరికి పిలిచాడు. "అమ్మాయ్, మనం కోస్తేనే తప్పు. డేగ తన్నుకుపోబోయి వదిలేసిందనుకో, మిగిలింది నీదే. అడిగితే నేను చూశానని చెప్తాలే."

మర్నాటి నుంచి తామ్సిన్ కోడిని చంకన పెట్టుకుని కోట కంచె దాటేది. ఆ అడవుల్లో ఉండే పౌహాటన్ తెగవాళ్ల బాణాలకు జడిసి అటు వెళ్లేవాళ్లే లేరు. మేకుకి తాడుకట్టి, దాని కాలికి రెండో కొస ముడివేసి, పొద చాటున కూర్చుని ఆకాశంకేసి చూసేది. దొరసాని మాత్రం చిగురుగడ్డి కొరుక్కుంటూ, నేల తవ్వి పురుగులేరుకుంటూ హాయిగా తిరిగేది. మొదటి రోజు డేగ రాలేదు. రెండో రోజు వచ్చి, ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయింది.

మూడో రోజు బయల్దేరుతుంటే గైల్స్ కళ్లు తెరిచాడు.

"ఎక్కడికే, దొరసానిని రోజూ ఊరేగిస్తున్నావు?"

"గాలికి."

"అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయే. దాన్ని కొయ్యకు. నువ్వు ఉరెక్కితే నాకు నీళ్లెవరు పోస్తారు?"

"మాట్లాడకు. ఇవాళ నీకు పులుసు పోస్తాను."

డేగ రాలేదు. మధ్యాహ్నానికి ఆమెకు భయం పట్టుకుంది; కోడిని చంకనేసుకుని ఇంటికి పరుగెత్తింది. గైల్స్ ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. నీళ్ల ముంత పక్కనే పడి ఉంది. తనే అందుకోబోయాడు కాబోలు.

తామ్సిన్ అతని చెయ్యి పట్టుకుని కూలబడింది. చంకలోంచి జారిపోయిన కోడి నెమ్మదిగా అతని కాళ్ల దగ్గరి గడ్డిలోకెక్కి సర్దుకుని కూర్చుంది. కాసేపటికి లేచి కొక్కొక్కోమంది. గడ్డిలో గుడ్డు ఉంది.

కబురు విని వచ్చిన ఓబడయా టోపీ తీసి నిలబడ్డాడు. ఆయన చూపు గుడ్డు మీద పడింది. "ఇన్నాళ్లూ పెట్టలేదన్నావు?"

"దొంగల భయంతో గంప మీద మూత తియ్యలేదు. గంజి మెతుకులే వేశాను."

"మరి గడ్డీ పురుగూ లేకుండా ఏం పెడుతుందమ్మా?"

ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు. పుట్టినింట పాతిక కోళ్లను సాకిన తామ్సిన్‌కి ఆ మాట ఒకరు చెప్పాలా? బాణాలకు భయపడకుండా నెల ముందే కంచె దాటి ఉంటే, దాన్ని చంపడానికి కాకుండా మేపడానికి తీసుకెళ్లి ఉంటే, మొగుడు బతికేవాడు.

ఓబడయా గొయ్యి తవ్వేవాళ్ల కోసం వెళ్లాడు. తామ్సిన్ గుడ్డు పగలగొట్టి, చుక్క తీసి గైల్స్ పెదవులకు రాసింది. మిగిలింది ఏడుస్తూనే తాగేసింది. ఆమె తిండి తిని రెండు రోజులైంది.