సత్తు గ్లాసు

చిలకలూరిపేట పక్క ఊళ్లో మిరపకాయలకు తొడిమలు తీసే సుబ్బరావమ్మ, ఒంట్లో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష ఉన్న రోజు చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుగుతుంది. అయినా ఆసుపత్రిలో వేలికి సూది గుచ్చినచోట కారం భగ్గుమంటుంది. పరీక్షకు పంపే చిన్న అట్టమీది గుండ్రాల్లో రక్తం చుక్కలు పడ్డాక ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆమె వెళ్లదు. కల్లంలో కాయలకు కాపలా ఉన్నట్టు ఆ అట్ట పక్కనే కూర్చుంటుంది. "ఆరాక మేమే ల్యాబుకు పంపుతాం కదమ్మా, పనికి పో" అంటుంది నర్సు గీతాంజలి. "ఆరనియ్యమ్మా. నేనెప్పుడు చస్తానా అని కాసుక్కూర్చున్నోళ్లకి అదే నా జవాబు" అంటుంది సుబ్బరావమ్మ.

లారీ డ్రైవరు మొగుడు హెచ్‌ఐవీ అంటించి పోయాక, అత్త రమణమ్మ ఆమెకు గొడ్లచావిట్లో చాప వేసి, ఒక సత్తు గ్లాసు విడిగా పెట్టింది. "ఏడాది తిరక్కుండా ఇదీ పోద్ది" అని వీధంతా చాటింది. పుట్టింటికి వచ్చేస్తూ సుబ్బరావమ్మ ఆ గ్లాసొక్కటే తెచ్చుకుంది. మందులు ఒక్కపూట మానదు. వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గిందని రిపోర్టు వచ్చినప్పుడల్లా తల్లో పూలు పెట్టుకుని అత్తగారి వీధిలో అటూ ఇటూ నడిచి వస్తుంది. ఈసారి అరుగు మీదున్న రమణమ్మ పిలిచి, చిన్నకోడలి చేత స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తెప్పించింది. "తాగవే, మేం తాగే గ్లాసే" అంది మెత్తగా. సుబ్బరావమ్మ సంచిలోంచి సొట్టలు పడ్డ సత్తు గ్లాసు తీసి అరుగు మీద పెట్టింది.

"ఇందులో పొయ్యమను అత్తా. నా రక్తం సంగతి నాకు తెలుసు. మీ రక్తంలో ఏముందో ఎవరు చూశారు?"