రాజు వదిలేసినా ఇంటికి రాని మురుగన్

నెల్లూరులో పదిహేనేళ్ళుగా ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెబుతున్నాను. రాజరికంలో పేదవాడి మొర వినే దిక్కుండదు, ప్రజాస్వామ్యంలో ఉంటుంది అని ఏటా బోర్డు మీద రెండు గళ్ళు గీస్తాను. ఆ గళ్ళ మీద నాకే విసుగు పుట్టింది. తమిళనాడులో రాజపాళయం దగ్గర చోళపురంలో పేచ్చియమ్మ అనే తెలుగావిడ ఉందనీ, ఆమె భర్త మురుగన్ గల్ఫ్‌లో జైల్లో ఉన్నాడనీ, అక్కడి రాజుకీ ఇక్కడి సర్కారుకీ మధ్య ఆమె నలిగిపోతోందనీ ఒక స్నేహితురాలు చెబితే, సెలవుల్లో బయలుదేరాను.

మదురైలో ఉదయం ఆరున్నరకు బస్సెక్కితే తొమ్మిది దాటాక రాజపాళయం చేరాను. అక్కడి నుంచి చోళపురానికి టౌన్ బస్సు. డబ్బు తీయబోతే కండక్టరు, నా మాట విని తానూ తెలుగులోకి దిగి, "ఆడోళ్ళకి ఫ్రీ అక్కా, గవర్మెంటు ఇచ్చింది" అన్నాడు. నా రెండో గడి నిజమేనని కాసేపు సంబరపడ్డాను.

పేచ్చియమ్మ అప్పుడే మిల్లులో రాత్రి పని నుంచి వచ్చింది. లారీ నడుపుతూ ప్రమాదం చేసిన మురుగన్ జైలుకెళ్ళి మూడేళ్ళయిందట. "పంచాయతీ తలైవరుకి, అదే ప్రెసిడెంటుకి, పెటిషన్ ఇచ్చినా, ఎమ్మెల్యేకి ఇచ్చినా. సోమవారం సోమవారం అర్జీలు తీసుకుంటారని విరుదునగర్ కలెక్టరాఫీసుకి పోతా. అందరూ బాగానే పలకతారు, పైనుంచి రావాలంటారు."

"మరి అక్కడ?"

"అక్కడ రాజు పండగకి ఖైదీలని వదిలేయమని ఒక్క మాట చెప్పినాడు. నేనే నా నోటితో చెడగొట్టుకున్నా."

ఇక్కడివాళ్ళకు ఇంటిపేరు రాసే అలవాటు లేదు, తండ్రి పేరు పొడి అక్షరమే. ఆయన జి. మురుగన్. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో తండ్రి పేరు పెట్టారు, దాంతో జైలు జాబితాలో ఆయన గురుసామి అయిపోయాడు. విడుదలకు ముందు అక్కడి నుంచి ఎవరో ఫోన్ చేసి, ఇది గురుసామి ఇల్లేనా, ఆయన వస్తే తీసుకెళ్ళేవాళ్ళున్నారా అని అడిగారు.

"మా మామ పోయి ఏడేండ్లాయె అని చెప్పినా. రాంగ్ నంబర్ అనుకొని పెట్టేసినారు. వారం పోయినాక ఈయన ఫోన్ చేసినాడు, అందరూ ఇండ్లకి పోయినారు, నన్నెందుకు పిలవలేదని ఏడ్చినాడు."

"మళ్ళీ అడగకూడదా?"

"రాజుని ఎట్ల అడిగేది అక్కా? ఆ ఊర్లో సోమవారం లేదు కదా."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. రెండు గంటల బస్సుకు నన్ను ఎక్కించడానికి వచ్చినప్పుడు, మళ్ళీ ఫోన్ వస్తే ఏం చెబుతావని అడిగాను. "ఎవురి పేరు అడిగినా ఉండాడనే చెప్తా" అంది.

తిరుగు ప్రయాణంలో నా గళ్ళే మెదిలాయి. అక్కడ ఒక్క మాటకు తలుపు తెరుచుకుంది గానీ, రెండోసారి తట్టే దారి లేదు. ఇక్కడ తట్టడానికి వారం వారం ఒక రోజుంది, ఆ తట్టడమే మిగిలింది. ఈ ఏడు బోర్డు మీద ఆ పాఠం రాయడానికి నాకు చెయ్యి ఆడుతుందో లేదో. మీ ఇంట్లో ఎవరైనా దేశం దాటుతుంటే, పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో నకలు తీసి గోడకు అంటించండి, ఇంట్లో అందరిచేతా పైకి చదివించండి. పేచ్చియమ్మ ఇంట్లో ఇప్పుడది ఉంది.