అవ్వ డబ్బాలో సీమ బిస్కెట్లు

పోయిన వారం తిరుపతిలో కంటి డాక్టరుకు చూపించుకుని, బస్సుకు ఇంకా సమయం ఉందని పక్కనే కొత్తగా తెరిచిన పెద్ద అంగట్లోకి పోయాను. లోపల చల్లగా ఉంటుందన్న ఆశ తప్ప కొనే ఉద్దేశం లేదు. ఒక మూల విదేశీ సరుకుల అరలో ఎర్ర గళ్ళ రేకుడబ్బా ఒకటి కనిపించింది. మూత మీద కొండ, కొండ మీద కొమ్ముల దుప్పి. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో గానీ, అరలు సర్దే అమ్మాయి వచ్చి, "ఏం గావాల తాతా? అది సానా రేటు," అంది. అడగకుండా రేటు చెప్పేవాళ్ళంటే నాకు పడదు. ఆ పిల్లకు నేనెవరో తెలియదు గనక పోనీలే అనుకున్నాను. డబ్బా పక్కనే నారింజ తొక్కల మురబ్బా, కస్టర్డు పొడి, రొట్టెకు రాసుకునే నల్లటి లేహ్యం, అన్నీ వరసగా ఉన్నాయి. మా మిద్దె మీదామె ఇప్పుడు వచ్చి ఉంటే వీటి కోసం బజారంతా తిరగాల్సిన పని ఉండేది కాదు.

మిద్దె మీదామె అంటే చిత్తూరులో మా ఇంటి పైభాగంలో రెండేళ్ళు ఉన్న ఇంగ్లీషామె. నర్సింగు పిల్లలకు పాఠాలు చెప్పడానికి వచ్చింది. యాభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేది, గొడుగు లేకుండా గడప దాటేది కాదు. పుస్తకం పెట్టుకుని తెలుగు నేర్చుకుంది కాబట్టి మా అందరికంటే శుద్ధంగా మాట్లాడేది. వీధివాళ్ళు దొరసానమ్మ అని పిలిచేవాళ్ళు. ఆ మాట మా ఇంట్లో అంతకుముందు మా అవ్వకు ఒక్కదానికే చెల్లేది కాబట్టి నేను అనలేదు. అద్దెకున్నామె అని కూడా అనలేదు. మా ఇంట్లో అతిథులుంటారు, అద్దెకుండేవాళ్ళు ఉండరు.

మాది కార్వేటినగరం వైపు ఒకప్పుడు కొన్ని ఊళ్ళను ఏలిన చిన్న పాళెం. ఊళ్ళు తాతల కాలంలోనే పోయాయి. పల్లకీకున్న వెండి తొడుగులు నాయన కాలంలో పోయాయి. నా దాకా వచ్చింది ఈ ఇల్లూ, కొన్ని అలవాట్లూ. వాటిలో ఒకటి, మా మగవాళ్ళు వీధిలో చేత్తో ఏదీ మోయరు. సంచి మోయరు, పొట్లం మోయరు, అరటిపండు కూడా పట్టుకుపోరు. పనివాళ్ళు లేని రోజులు వచ్చాక దీనికి నేనొక ఉపాయం కనిపెట్టాను. కూరగాయలు ఆటోలో పెట్టి పంపిస్తాను, వెనకాల నేను నడిచి వస్తాను. ఆటో ఆయన ప్రతిసారీ, "మీరూ ఎక్కండి సామీ, వంకాయలతో పాటే దించేస్తా," అనేవాడు. నేను ఎక్కలేదు. ఎక్కితే వంకాయలు నేను తెచ్చినట్టవుతుంది.

ఆమె మన తిండికి ఏనాడూ వంక పెట్టలేదు. రాగి సంగటి చేత్తోనే తినేది, ఊరుబిండి పచ్చడి కారానికి కళ్ళు తుడుచుకుంటూ ఇంకొంచెం వడ్డించుకునేది. కానీ సాయంత్రం నాలుగు కొట్టేసరికి ఆమె నాలుక ఓడెక్కి సీమకు, అంటే వాళ్ళ ఇంగ్లండుకు, పోయేది. ఎంతసేపూ చిన్న చిన్నవే. చేదు నారింజ మురబ్బా కావాలి, ఇక్కడి జాములన్నీ ఉత్త చక్కెర. బజారు వీధిలో ఒక అంగడాయనకు "చేదుగా ఉండే నారింజ" అని వివరించి చెబితే, ఆయన బాగా ఆలోచించి దబ్బకాయ లాంటి నార్తంగాయతో పెట్టిన ఊరగాయ ఇచ్చాడు. మర్యాదస్తురాలు గనక మూడు రోజులు రొట్టె మీద వేసుకుని తినింది. నాలుగో రోజు, రుచి బాగుంది గానీ పొద్దున్నే అంత ధైర్యం చాలడం లేదని నాతో చెప్పింది. ఆ నల్లటి లేహ్యం మాత్రం ఊరి నుంచి తెచ్చుకున్నది. ఒకరోజు నాకూ రాసిచ్చింది. మూలికల అంగడి నేల తుడిచిన గుడ్డ నోట్లో పెట్టుకున్నట్టుంది. అతిథి ముందు ముఖం కదిలించకూడదు కాబట్టి కదిలించలేదు. ఆమె చాలాసేపు చూసి, "మీ ముఖం కదలలేదు. చెవులు మాత్రం కదిలాయి," అంది.

ఇద్దరం నవ్వాం, ఆ నవ్వులోనే నేను నోరు జారాను. సీమ తిండి మాకు కొత్తేమీ కాదు, మేము సీమ బిస్కెట్లు తిని పెరిగినవాళ్ళం అన్నాను. జారడం అని ఇప్పుడంటున్నాను, అప్పుడది నాకు నిజమే. మా అవ్వ బీరువాలో అచ్చం తిరుపతి అంగట్లో చూసినట్టి దుప్పి బొమ్మ డబ్బా ఉండేది. తాళంచెవి అవ్వ నడుమున. ఆదివారం పిల్లలకు తలకొకటి, తాసిల్దారు వంటి వాళ్ళు వస్తే పళ్ళెంలో నాలుగు. అవి మద్రాసు దాకా ఓడలో వచ్చి, అక్కడి నుంచి రైల్లో వస్తాయని చెప్పేది. ఊళ్ళు పోయినా, తాత పోయినా, ఆ డబ్బా మాత్రం ఖాళీ కాలేదు. బడిలో ఎవరైనా మా ఇంటి సంగతి ఎత్తి ఎగతాళి చేస్తే, మీరెప్పుడైనా సీమ బిస్కెట్టు తిన్నారా అని అడిగేవాణ్ణి. అంతటితో అవతలివాడి నోరు మూతపడేది. అరవై ఏళ్ళుగా నన్ను నిటారుగా నిలబెట్టిన వాటిలో ఆ బిస్కెట్టు ఒకటి. ఆమెకు దాని రుచి కూడా వివరించాను. వేలంత పొడుగు, వెన్న, చివర్లో కాస్త ఉప్పు, నమిలేకొద్దీ ఏలకుల వాసన.

"ఏలకులా?" అంది ఆమె. తర్వాత టీ పోసింది.

క్రిస్మస్‌కు వాళ్ళ చెల్లెలు పంపిన పార్సిల్ వచ్చింది. ఆమె చిన్నపిల్లలా మెట్లు దిగి వచ్చి నన్ను పైకి పిలిచింది. బల్ల మీద ఎర్ర గళ్ళ డబ్బా, మూత మీద దుప్పి. ఒకటి తీసి కొరికాను. వెన్న ఉంది, ఉప్పూ ఉంది. నోట్లో ఇసుకలా విరిగి కరిగిపోయింది. ఏలకులు లేవు. అవ్వ లేదు. రెండోది కూడా తిన్నాను, అందులోనైనా ఉంటుందేమోనని. "ఇప్పుడు తయారీ మార్చినట్టున్నారు," అన్నాను. ఆమె కిటికీ వైపు చూస్తూ, "మార్చి ఉండవచ్చు," అంది.

ఆ "ఉండవచ్చు" నన్ను వారం రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. చివరికి మా అవ్వ దగ్గర వంటింట్లో పనిచేసిన ముసలామె ఇంటికి పోయాను. గిరింపేట దాటాక కూతురి దగ్గర ఉంటోంది, చూపు తగ్గింది, జ్ఞాపకం తగ్గలేదు. సీమ బిస్కెట్లు ఎవరు పంపేవాళ్ళని అడిగితే, నోట్లో ఆకువక్క ఒక పక్కకు తోసి నవ్వింది.

"యాడి సీమ సామీ? మీ తాత పొయినంక ఓడా లేదు, రైలూ లేదు. మీ అవ్వ, పెద్దమ్మణ్ణి, డబ్బా నా సేతికిచ్చి, బేకిరీ యెనక సందులో నించి నింపుకోని రమ్మనేది. పైట కింద పెట్టుకోని పొయ్యేదాన్ని."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదన్నాను.

"సెప్పొద్దనింది, సెప్పలేదు. మీరూ అడగలేదు గదా. ఒగటి మాత్రం సెప్తా ఇనుకో. ఆయమ్మ ఒగ బిస్కెట్టన్నా నోట్లో యేసుకోలేదు. అన్నీ మీకూ, వొచ్చినోళ్ళకూ."

ఇంటికి వచ్చి బీరువా తెరిచి డబ్బా ముందు కూర్చున్నాను. పేదరికం మా ఇంట్లో తప్పు కాదు. అతిథికి అబద్ధం చెప్పడం తప్పు. తెలియక చెప్పాను కాబట్టి ఇన్నాళ్ళూ దోషం లేదు, ఇక ఊరుకుంటే ఉంటుంది. చెబితే మాత్రం అరవై ఏళ్ళ ఆధారం ఒక్కటి చేతులారా తీసేసుకున్నట్టే. ఒక పూటంతా అలాగే కూర్చున్నాను. మరునాడు పొద్దున పదింటికి, బజారు నిండుగా ఉన్నప్పుడు, డబ్బాను సంచిలో పెట్టకుండా రెండు చేతులతో పట్టుకుని వీధిలోకి దిగాను. మలుపులో ఆటో ఆయన బండి ఆపి కిందికి దిగినాడు. "ఏంది సామీ, మీరే మోస్తా ఉండారు? ఇంట్లో అంతా బాగుండారా?" అన్నాడు. బాగున్నారని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు, బేకరీ దాకా వెనకాలే మెల్లగా వచ్చాడు.

బేకరీ ఉన్నచోటే ఉంది, కాకపోతే ముందు అద్దాలు వచ్చాయి. ఇప్పుడున్నాయన పాతాయన కొడుకు, నా వయసు వాడే. డబ్బా చూడగానే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. లోపలికి పోయి, ఒక గాజు జాడీలోంచి వేలంత పొడుగు బిస్కెట్లు తెచ్చి డబ్బాలో ఒక వరస పేర్చాడు. ఈ అంచు నుంచి ఆ అంచుకు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయి.

"సూస్తిరా సామీ? మా నాయన ఈ డబ్బాకి కొలత పెట్టి అచ్చు సేపిచ్చినాడు. అదే అచ్చు ఈనాటికీ వాడతా ఉండాము. ఇంత పొడుగెందుకని అందరూ అడగతారు. నాకేం దెలుసు, మా నాయన పెట్టినాడంటాను."

డబ్బా తెచ్చి మిద్దె మీద బల్ల మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. నిలబడే చెప్పాను. ఆమె ఒకటి తీసి టీలో ముంచింది, విరగలేదు. మెల్లగా నమిలి, ఇవి మా వాటిలా లేవు, టీకి మాత్రం ఇవే మేలు అంది. తర్వాత, "మీరు ఏలకులు అన్న రోజే నాకు తెలిసింది," అంది. ఎందుకు చెప్పలేదని అడిగాను. "మా అమ్మమ్మ గొప్ప కంపెనీ టీ డబ్బాలో మామూలు టీ పోసి ఉంచేది. అందరికీ తెలుసు. ఎవరమూ చెప్పలేదు." ఇద్దరం తలా మూడు తిన్నాం. ఆ సాయంత్రం ఆమె నాలుక ఓడెక్కలేదనే అనుకుంటాను.

తిరుపతి అంగట్లో ఆ ఎర్ర గళ్ళ డబ్బాను అరలోనే వదిలేసి వచ్చాను. చిత్తూరులో బస్సు దిగి బేకరీకి పోయి, పొట్లం కట్టించుకుని, చేత్తో పట్టుకుని ఇంటికి నడిచాను. మలుపు దగ్గర చిన్నపిల్లలిద్దరు అవే బిస్కెట్లు నములుతూ బడి నుంచి వస్తున్నారు. అంత పొడుగెందుకో వాళ్ళకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కాలం మా ఊళ్ళను తీసుకుపోయింది, పల్లకీని తీసుకుపోయింది, అవ్వను తీసుకుపోయింది. అవ్వ డబ్బా కొలతను మాత్రం ఒక బేకరీ అచ్చులో మరిచిపోయింది.