నీళ్లు లేని దీవికి ప్రయాణం

ఒక ఎండాకాలం మా ఇంటిల్లిపాదీ సెయింట్ బార్తెలెమీ అనే దీవికి ప్రయాణం కట్టాం. అది ఎక్కడో కరీబియన్ సముద్రంలో ఉండే ఫ్రెంచివాళ్ల దీవి, చాలా చిన్నది. పెద్ద పెద్ద ధనవంతులు తెల్ల పడవలేసుకొని వచ్చి, ఇసుకలో పడుకొని, ఏ పనీ చెయ్యకుండా పోయే చోటు. మేమేమో ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. మాలో అందరికంటే దూరం పోయినవాడు మా నాయన, అదీ బెంగుళూరు చిక్కపేట దాకా. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందన్న సామెత మా కోసమే పుట్టిందని జేజి, అంటే మా నాయనమ్మ, నవ్వేది. నవ్వుతూనే ఆ దీవికి తన చీరలేవి తీసుకుపోవాలో ఎంచుకునేది.

అది ఎనభైల మొదట్లో మాట. చిక్కపేటలో మా చీరలు కొనే అంగడాయన ఒక ఇంగ్లీషు పత్రిక నాయన చేతికిచ్చి, అందులోని సముద్రం బొమ్మ చూపించాడట. ఎవరో పెద్దింటి పెళ్లికూతురికి ఆ రంగు చీరే కావాలట. నాయన పత్రికను చంకలో పెట్టుకొని వచ్చి రంగులాయనకు చూపించాడు. ఆయన చాలాసేపు చూసి, ఇది నీలమూ కాదు పచ్చా కాదు, నిలువుకు పడుగు పచ్చ వేసి, అడ్డానికి పేక నీలం కొడితే తప్ప రాదని తేల్చాడు. అలాగే మగ్గం ఎక్కించారు. నాయన మగ్గం గుంతలో కూర్చుంటే కళ్లకెదురుగా ఉండేటట్టు పత్రికను గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు. అట్లా ఆ దీవి మా ఇంట్లోకి వచ్చింది.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. నాకు ఇంగ్లీషు వచ్చని నా గర్వం, రాదని మా టీచరు నమ్మకం. బడికి సెలవులు. నాయన నేస్తుంటాడు, అమ్మ పక్కన రాట్నం మీద పట్టుపోగు కండెలు చుడుతుంటుంది, జేజి గడపకు ఆనుకొని విసనకర్ర ఊపుతుంటుంది. నేను డిక్షనరీ ఒళ్లో పెట్టుకొని ఆ పత్రిక చదివి చెప్పేదాన్ని. మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగితే నాకు కోపం వచ్చేది. తెలియని మాట దగ్గర అడిగితే ఇంకా ఎక్కువ వచ్చేది.

ఈ ప్రయాణం నాయన ఎందుకు మొదలుపెట్టాడో చెప్పాలి. మా అమ్మ ఏళ్ల తరబడి ఏ ఊరికీ పోలేదు. పోవడానికి ఊరు లేక కాదు. కుందుర్పిలో ఆమె చెల్లెలు ఉంది. అమ్మకు తోబుట్టువు ఆమె ఒక్కతే, అమ్మానాన్నలు పోయాక పుట్టింటి కింద లెక్క కూడా ఆమె ఒక్కతే. నా చిన్నప్పుడు ఒక కరువు సంవత్సరం, వాళ్ల ఊరి దేవర జాతరకని మేము ముగ్గురం పోయాం. బస్సు దిగి ఎండలో దుమ్ములో నడిచి, గడప ముందర నిలబడ్డాం. చుట్టం వస్తే చెంబుతో కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి పిలవడం ఎంత లేనివాళ్లయినా చేసే మర్యాద. చిన్నమ్మ మమ్మల్ని చూసింది, నవ్వింది, "రాండి లోపలికి" అంది. నీళ్లివ్వలేదు. అమ్మ ఆ మట్టికాళ్లతోనే లోపలికి పోయి, ఒక పూట తిని, మరుసటి పొద్దున్నే బయల్దేరదీసింది. బస్సులో ఒకే మాట అంది: "నా కాళ్లకు నీళ్లియ్యని గడప ఇంగ తొక్కను."

తొక్కలేదు. చిన్నమ్మ ఆ వైపు నుంచి వచ్చేవాళ్లందరితోనూ కబురు పెట్టేది, అక్కను రమ్మని. అమ్మ విని ఊరుకునేది. పండగ రోజు ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసేటప్పుడు మాత్రం, "దానికి కొబ్బరి ఓళిగలంటే పాణం" అనేది. నాయన ఎన్నిమార్లో చెప్పి చూశాడు, గోడకు చెప్పినట్టే. కుందుర్పి అన్న మాటెత్తితే ఆమె లేచిపోయేది. అందుకని ఆయన దీవి మాటెత్తాడు. ఏదో ఒక ఊరికి పోవాలన్న ఆశైనా ఆమెకు మళ్లీ పుట్టనీ అని ఆయన ఆలోచన.

"ఏమ్మే, ఈ చీర మగ్గం దిగినాక పోదామా ఆ ఊరికి?" అని అడిగాడు ఒక మధ్యాహ్నం.

"ఎవురున్నారాడ మనకు?" అంది అమ్మ, రాట్నం తిప్పుతూనే.

అది న్యాయమైన ప్రశ్న. మా దగ్గర ఎవరూ ఊరు చూడడానికి ఊరికి పోరు, మనుషుల దగ్గరికి పోతారు. ఆ దీవిలో సముద్రం ఒడ్డున గొప్ప హోటళ్లు ఉన్నాయి, అక్కడ గది తీసుకొని ఉంటారు అని నేను చదివి చెప్పాను. నాయనకు నచ్చలేదు. "హోటలంటే తిని లేసి వచ్చేది. ఆడ పండుకుంటే మనుసులు నవ్వరా?"

అప్పుడు జేజి పత్రిక తెమ్మని, కళ్లకు దగ్గరగా పెట్టుకొని పేజీలు తిప్పింది. ఒక పేజీలో ఎర్ర కప్పు వేసిన చిన్న ఇల్లు, దాని అరుగు మీద ఒక ముసలామె ఉంది. తలకు తెల్లగుడ్డ టోపీ పెట్టుకొని, ఒళ్లో ఏదో తాటాకులాంటి ఆకు పెట్టుకొని అల్లుతోంది. ఆ ఊరి ఆడవాళ్లు ఆకులతో టోపీలు, బుట్టలు అల్లి అమ్ముతారని బొమ్మ కింద రాసి ఉంది.

"అల్లేది అన్నా నేసేది అన్నా ఒగటే. మన జాతే. ఈమింటికి పోదాం" అని తేల్చేసింది జేజి.

అంతే, చుట్టరికం కుదిరిపోయింది. అమ్మ కూడా లేచివచ్చి బొమ్మ చూసింది. ఆమె వేళ్లు చూసి, "పాపం, ఎంత అల్లిందో, కణుపులు చూడు" అంది. ఆ రోజు నుంచి ఆమె మా అందరికీ 'ఆయమ్మ' అయిపోయింది. ఆయమ్మ ఇంటికి ఉత్త చేతులతో పోలేం కదా. శెనక్కాయలు, రవిక గుడ్డ, పసుపు కుంకుమ అని జేజి మొదలుపెట్టింది. అంతలోనే ఆమెకు అనుమానం: ఆయమ్మ ముత్తైదువా కాదా? టోపీ నుదుటి దాకా ఉండడంతో ఏమీ తెలియలేదు. చదివి చెప్పమని నన్ను సతాయించింది. పత్రికలో అది రాయలేదని చెబితే, అన్నీ రాసి అసలుది రాయలేదే అని రాసినవాణ్ని తిట్టింది.

ఓళిగలు చేస్తానని అమ్మే అంది. అక్కడికి చేరేదాకా చెడకుండా ఉంటాయా అని ఆమె దిగులు. విమానాలు మారి మారి పోవాలని, చివరది కొండకూ సముద్రానికీ నడుమ చిన్న జాగాలో దిగుతుందని నేను చెప్పాను. నడిదారిలో ఒకటికి పోవాలంటే నిలుపుతారా అని జేజి అడిగింది. ఆయమ్మకు తెలుగు రాదు కదా, ఏం మాట్లాడతాం అంటే, "పని చేసుకుంటా కూచుంటే మాటలతో ఏం పని" అన్నాడు నాయన. మగ్గం మీద సముద్రం జానెడు జానెడు పెరిగేది. అమ్మ మొహంలో కళ వచ్చింది. కండె అందించే ముందు దాన్ని బొమ్మకు ఆనించి చూసి, "ఆయమ్మ రోజూ ఈ రంగు చూస్తాంటాది" అనేది. నాకు తెలిసి అమ్మ అంత సంబరంగా ఉండడం అదే మొదలు.

చీర కొంగు దాకా వచ్చిన రోజు నేను చివరి పేజీ చదివాను. ఆ పేజీని అంతవరకూ వదిలేశాను, అందులో బొమ్మలు లేవని. దీవిలో ఏరు లేదని, ఊట లేదని అందులో ఉంది. వాన పడితే ఇంటి కప్పు మీది నీళ్లను కింద కట్టిన తొట్టెలోకి పట్టుకొని, ఏడాదంతా వాటితోనే గడుపుతారట. వాన ఎగబెడితే ఓడల్లో నీళ్లు తెప్పించుకోవాల్సిందేనట. చుట్టూ సముద్రం పెట్టుకొని తాగను నీళ్లు లేవా అని నేను నవ్వాను. నాతోబాటు ఎవరూ నవ్వలేదు.

అమ్మ రాట్నం ఆగిపోయింది.

"అట్లయితే పోకూడదు" అంది.

"ఏమిటికి?" అన్నాడు నాయన. "హోటళ్లలో దొరలు దిగుతాండారు కదా."

"దొరల సంగతి నాకేల? మనం పొయ్యేది ఆయమ్మింటికి. నలుగురం పోయి ఆయమ్మ గడపలో నిలబడితే, కాళ్లకు యాడ తెచ్చిస్తాది? ఇస్తే రేపు తాగను ఉండవు. ఇయ్యకపోతే మర్యాద పోతాది. నీళ్లు లేవమ్మా అని చుట్టాలతో ఎట్ల చెప్తాది? నోరు రాదు. నవ్వి, లోపలికి రాండి అంటాది. ఇంగేం చేస్తాది ముసల్ది?"

అలా అని, ఆమె తన మాటను తానే విన్నట్టు ఆగిపోయింది. చేతిలో కండె చేతిలోనే ఉంది. నాకు నోరు ఊరుకోదు కదా, చిన్నమ్మ పేరు ఎత్తబోయాను. నాయన గుంతలో నుంచే పేక పోగును నడిపే నాడె ఎత్తి నావైపు చూపించాడు, మాట్లాడితే కొట్టేటట్టు. చాలాసేపటికి అమ్మ మళ్లీ రాట్నం తిప్పింది కానీ, పోగు తెగి తెగి పోయింది. ఆమె చేతిలో పోగు తెగడం నేనెప్పుడూ చూడలేదు.

రెండు రోజులకు చీర దిగింది. మడత పెట్టి గుడ్డలో చుడుతూ నాయన, పత్రికను కూడా అంగడాయనకు తిరిగి ఇచ్చేయాలని మేకు నుంచి తీశాడు. "ఇంగ మన దీవి అయిపాయ" అంది జేజి, నిజంగా దిగులుగా.

అమ్మ వంటింట్లో నుంచి వచ్చి నిలబడింది. "పాలాయన్ని క్యాన్లు అడిగి తెస్తావా, రెండు? మూతలు గట్టిగుండేవి."

"ఏమిటికి?"

"నీళ్లకు. కుందుర్పికి పోదాం." నేల చూస్తూ అంది. "ఆ పొద్దు వాళ్లింట్లో కడవలు బోర్లిచ్చి ఉండె. నేను చూసినా. చూసి గూడా నా కాళ్ల గురించే అనుకుంటి."

మాట్లాడితే ఆమె మనసు మార్చుకుంటుందని నాయనకు భయం. చొక్కా తొడుక్కుంటూనే వీధిలోకి పోయాడు. ఒక గుండీ వేరే కాజాలో పెట్టుకున్నాడు.

దీవికైతే వస్తాను గానీ ఈ ఎండలో కుందుర్పికి రాలేనని జేజి ఇంట్లోనే ఉండిపోయింది. మేము ముగ్గురం క్యాన్లతో బస్సెక్కాం. కళ్యాణదుర్గంలో బస్సు మారాక, కండక్టరు క్యాన్లను కాలితో తట్టి చూశాడు. "పాలా? లగేజీ టికెట్టు తీసుకోవల్ల."

"నీళ్లప్పా. చెల్లెలింటికి" అంది అమ్మ.

ఆయన టికెట్ల పుస్తకం మూసేశాడు. "నీళ్లకు టికెట్టు కొడితే నాకు పుట్టగతులుండవు, పెట్టుకో తల్లీ" అని, క్యాన్లు దొర్లకుండా సీటు కిందికి తనే నెట్టాడు. ఆ ఏడు కూడా వానలు సరిగా లేవు. కిటికీలోంచి ఎటు చూసినా గుండ్లూ మిట్టలే. అమ్మ దారి పొడుగునా ఒడిలో ఓళిగల మూట పెట్టుకొని, మాటిమాటికీ దాని ముడి సర్దుకుంటోంది. వాళ్లు లోపలికి రానివ్వరేమోనని ఆమె భయమని నాకు తెలుసు, నాకూ అదే భయంగా ఉంది.

చిన్నమ్మ వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తోంది. మమ్మల్ని చూసి లేచింది, చేటలోవి అన్నీ కిందపడ్డాయి. ఎంత పాడైపోయిందో మనిషి. అక్కచెల్లెళ్లు గడపకు అటొకరు ఇటొకరు నిలబడ్డారు. నాయనే క్యాను ముందుకు జరిపి, "నీళ్లమ్మా. మీకని మీ అక్క తెచ్చింది" అన్నాడు.

చిన్నమ్మ లోపలికి పోయింది. చెంబు తెచ్చింది. క్యాను మూత తీసి, చెంబు నిండా ముంచి, అమ్మ కాళ్ల దగ్గరికి వచ్చింది.

"తాగే నీళ్లే, మన్నులో పోస్తావా?" అమ్మ వెనక్కి జరిగింది.

"అప్పుడు పొయ్యలేకపోతి, అక్కా. నీకు నీళ్లియ్యకుంటి గదా అని అప్పట్నుంచీ నాకు ముద్ద దిగలేదు. ఇప్పుడన్నా పొయ్యనీ."

అమ్మ ఏడ్చింది. మా అమ్మ అలా నలుగురిలో ఏడవగా నేను చూడలేదు. ఏడుస్తూనే కళ్లు తుడుచుకొని, "పొయ్యి. కింద బొచ్చె పెట్టు ముందు, ఎనుముకన్నా అయితాది" అంది. చిన్నమ్మ పరిగెత్తి, ఎనుముకు కుడితి పెట్టే వెడల్పాటి బొచ్చె తెచ్చింది. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని అందులోకి దిగి నిలబడింది. చిన్నమ్మ కూర్చొని, ఒక చేత్తో నీళ్లు పోస్తూ ఇంకో చేత్తో అక్క పాదాల దుమ్ము కడిగింది.

"ఏమ్మే, దీవి చేరినట్టేనా?" అన్నాడు నాయన మెల్లగా. "చుట్టూ నీళ్లే గదా."

చిన్నమ్మ తలెత్తింది. "ఏం దీవి బావా?"

"లోపలికి పా, చెప్తా" అంది అమ్మ, చెల్లెలి తల మీద చెయ్యి పెట్టి. "నీళ్లు లేని ఊరొకటి ఉండాది. ఆడ నీ మాదిరే ఒగామె."