నేను తప్పు రాసిన నాలుగేళ్లు

నా ఉద్యోగం ఫోన్లు చేయడం. మా ఆసుపత్రిలో మెదడు క్యాన్సర్‌కు వైద్యం చేయించుకున్న పిల్లల ఇళ్లకు ఏడాదికోసారి ఫోన్ చేసి, పిల్ల ఎలా ఉంది, బడికి వెళ్తోందా, తలనొప్పి, వాంతులు ఏమైనా ఉన్నాయా అని అడిగి కంప్యూటర్లో ఎక్కించాలి. చివరి గడిలో రాయడానికి మూడే మాటలు: ఉన్నారు, లేరు, తెలియదు. ఆ మూడో మాటంటే నాకు ఒళ్లుమంట. బతికున్న పిల్లను పట్టుకుని తెలియదని రాయడమేమిటి? అందుకే ఫోన్ ఎత్తనివాళ్లకు ఎత్తేదాకా చేస్తాను. మొండిదాన్నని మా గదిలో అందరూ అంటారు. అననివ్వండి.

నేను రాసినవన్నీ కలిపి మా డాక్టరమ్మ ఒక గీత గీస్తుంది. వైద్యం మొదలైన రోజున పైనుంచి బయల్దేరి, పిల్లలు పోయిన కొద్దీ అది కిందికి దిగుతుంది. నేను చేరిన కొత్తలో నన్ను కూర్చోబెట్టి వెనకటి పిల్లల గీత, ఈమధ్య పిల్లల గీత పక్కపక్కన చూపించింది. చిన్నమెదడులో వచ్చే ఒక రకం గడ్డకు కొత్త గీత పాతదానికి పైనే సాగుతోంది, కొన్నేళ్లు దాటాక దాదాపు చదునుగా. మెదడు కాండంలో వచ్చే ఇంకో రకానికి మాత్రం రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి నిట్టనిలువునా కిందికే దిగాయి. ఆ ఇళ్లకు ఫోన్ చేయాల్సిన రోజు నాకు పొద్దున టిఫిన్ దిగదు. ఒక తండ్రి, కూతురు పోయి నెల్లాళ్లయిందని చెప్పి, "అడిగినందుకు మంచిదైంది మేడం. ఇప్పుడు పాప పేరెత్తేటోళ్లే లేరు" అన్నాడు. ఆ రోజు ఇంకో ఫోన్ చేయలేకపోయాను.

నేను చెప్పబోయే తల్లి ఇల్లు పాతబస్తీలో. భార్యాభర్తలిద్దరూ ఇంట్లోనే లక్క గాజులు చేస్తారు. కూతురికి ఏడేళ్లప్పుడు చిన్నమెదడులో గడ్డ తీశారు, తలకూ వెన్నుకూ రేడియేషన్ ఇచ్చారు, ఆపైన కీమో. మొదటి ఏడాది అన్ని స్కాన్లకూ వచ్చారు. తర్వాత మానేశారు. నేను ఫోన్ చేస్తే మాత్రం తల్లి వెంటనే ఎత్తేది.

"పిల్ల ఎట్లుందమ్మా?"

"ఏం చెప్పాలె మేడం, సుస్తుగ ఉంటది. బాగలేదు."

"మరి స్కాన్‌కు తీసుకరండి."

"తెస్త, తెస్త."

నాలుగేళ్లు ఇదే వరస. నాలుగుసార్లూ 'ఉన్నారు, ఆరోగ్యం బాగోలేదు' అని రాశాను. డాక్టరమ్మకు విడిగా చెప్పాల్సింది. కంప్యూటర్లో ఉంది కదా, చూసుకుంటుందిలే అనుకున్నాను.

వైద్యం మొదలై అయిదేళ్లు నిండిన పిల్లల జాబితా తీసినప్పుడు ఆవిడ చూసింది. "నాలుగేళ్లుగా బాగోలేదా? గడ్డ మళ్లీ వచ్చిందేమో! నాకెందుకు చెప్పలేదు?" అంది. అక్కడే నిలబడి ఫోన్ చేశాను. స్విచాఫ్. సాయంత్రం దాకా స్విచాఫే.

మర్నాడు పొద్దున సంతోష్‌నగర్‌లో మా ఇంటి ముందే ఆటో ఎక్కి పాత అడ్రసుకు వెళ్లాను. పక్కింటామె, వాళ్లు జల్‌పల్లి మారారని చెప్పి గుర్తులు చెప్పింది. పిల్ల సంగతి అడిగితే "ఆమె ఏం చెప్పదమ్మా" అంది. జల్‌పల్లి చేరేదాకా ఆ మాటే నన్ను తినేసింది.

తలుపు తీసిన తల్లి నా గొంతు వినగానే గుర్తుపట్టింది. "అయ్యో మేడం, మీరా! ఫోన్ నీళ్లల్ల పడ్డది" అంటూనే గల్లీకి అటూ ఇటూ చూసి, నన్ను లోపలికి లాగి తలుపేసింది.

"పిల్ల యాడుంది?" అన్నాను.

పిల్ల బొగ్గుల కుంపటి పక్కన కూర్చుని, మెత్తబడిన లక్క గాజు మీద అద్దం ముక్కలు అతికిస్తోంది. వయసుకు పొట్టి. తల వెనక కోత పెట్టిన గీత మేర జుట్టు మొలవలేదు. చెవికి వినికిడి మిషన్. నన్ను చూసి "సలాం ఆంటీ!" అని ఇల్లదిరేట్టు అంది. తలనొప్పి లేదు, వాంతులు లేవు. బడిలో రెండు తరగతులు వెనకబడిందట, లెక్కలు మెల్లగా చేస్తుందట. నడిచి చూపించమంటే గోడ నుంచి గోడకు తిన్నగా నడిచి, నవ్వింది.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఏడుపు దాని వెనకే ఉంది. "మరి బాగలేదు బాగలేదని నాలుగేండ్లు ఎందుకు చెప్పినవ్?" అని అరిచాను.

"జర మెల్లగ మేడం" అని గొంతు తగ్గించింది. "బాగుందంటె నజర్ తగుల్తది. ఒకటో క్లాసుల ఫస్ట్ వచ్చిందని గల్లీ మొత్తం మిఠాయి పంచిన. గా వారంలనే వాంతులు షురూ అయినయ్. గప్పటి సంది ఎవ్వలకు చెప్తలేను. మా అక్కకు గూడ చెప్పలే."

మా పిల్లవాడు బొద్దుగా ఉన్నాడని ఎవరైనా అంటే మా అత్తగారు "ఎక్కడి బొద్దు, నిన్నటినుంచి ముద్ద ముట్టలేదు" అని కొట్టిపారేసి, వాళ్లు గడప దాటగానే ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేది. ఆ ఇంట్లో ఇరవై ఏళ్లు కాపురం చేసినదాన్ని, ఈ తల్లి మాటను ఉన్నదున్నట్టు ఎక్కించేశాను. బుద్ధి ఉండక్కర్లా?

"స్కాన్ ఎందుకు బంద్ జేసిన్రు మరి?"

"బాగుందని వస్తె డాక్టర్లు అందరి ముందల చదువుతరు గద."

"చదవరు. నేను చెప్త. కాగితం మడిచి నీ చేతిల పెడ్తరు."

తర్వాతి వారం వచ్చారు. స్కాన్ అయ్యాక డాక్టరమ్మ ఒక్క మాట మాట్లాడకుండా కాగితం మడిచి ఇచ్చి, పిల్ల తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది. తల్లి కాగితం విప్పలేదు. డాక్టరమ్మ ముఖంలో నవ్వు చూసింది, అంతే.

బయట వరండాలో నన్నడిగింది. "అయిదేండ్లయినయ్ గద, ఇంగ ఫోన్ చేసుడు ఆపుతరా మేడం?"

"ఎందుకాపుతం? ఏడాదికోసారి చేస్తనే ఉంటం."

"ఎన్నేండ్లు?"

ఉన్న పద్ధతే చెప్పాను. "పెద్దగై కాలేజీకి పోయినా చేస్తం. పెండ్లయి పిల్లలు పుట్టినా చేస్తం. నేను రిటైరైతే నా కుర్చీల కూసునేటోళ్లు చేస్తరు."

"అన్నేండ్లు రాసుకునేటందుకు జాగ పెట్టిన్రా మా పిల్లకు?" అంది. పెట్టామన్నాను. దుపట్టా కొంగు నోట్లో కుక్కుకుంది గానీ ఏడుపు ఆగలేదు. అంతమంది మధ్యలో వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పిల్ల కంగారుగా వచ్చి చెవి మిషన్ సర్దుకుంటూ "క్యా హువా అమ్మీ?" అంది.

"కుచ్ నై. తూ అచ్ఛీ హై" అంది తల్లి. ఏం కాలేదు, నువ్వు బాగున్నావని, సరిగా వినపడని పిల్లకు వినిపించాలంటే ఎంత గట్టిగా అనాలో అంత గట్టిగా, అందరి ముందూ అంది.