రెండు గేర్ రాడ్ల బండి

ఆ రోజుల్లో మా మెదక్‌లో మనిషి విలువను అతని బండి చప్పుడును బట్టి కట్టేవారు. గేరు మారిస్తే వీధి చివరివాడికి కూడా వినిపించాలి. వినిపించకపోతే బండికి జబ్బో, నడిపేవాడికి భయమో ఉన్నట్టు లెక్క. (అప్పటికి నాకు డిగ్రీ ఉంది, లైసెన్సు ఉంది, లేనిదల్లా ఉద్యోగం. కాబట్టి ఈ సిద్ధాంతాన్ని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి.) అటువంటి కాలంలో మా మేనమామ ఒక పికప్ బండిని వేలంలో కొన్నాడు. భూములున్న మనిషి, ఊరందరికీ పటేల్, కొత్తగా రాజకీయాల్లోకి దిగాడు. వచ్చే మండల ఎన్నికల్లో టికెట్ తనకే రావాలని పట్టుదల. అందుకు ముందు ఒక దర్జా అయిన బండి కావాలనుకున్నాడు. కాలువ పనులకు వచ్చిన విదేశీ కంపెనీ ఒకటి పని ముగించుకుని పోతూ వదిలేసిన బండి అది. తెల్లగా, పెళ్లికొడుకులా ఉండేది. ఇంటికి తెచ్చి తలుపు తీసి చూస్తే క్లచ్ లేదు.

గేర్లు దానంతట అదే మార్చుకునే బండి అని, దానితో వచ్చిన పుస్తకం చదివి నేను మామకు వివరించాను. ఆ వివరణ ఆయనకు నచ్చలేదు. అంతకన్నా నచ్చనిది దాని నడక. రాడ్డును 'డి' అనే అక్షరం మీదికి తెచ్చి బ్రేకు మీది నుంచి కాలు తీస్తే చాలు, ఏమీ తొక్కకుండానే మనిషి నడకతో సమానంగా పాకుతూ పోయేది. మొదటిసారి అది అలా కదిలినప్పుడు మామ స్టీరింగు వదిలేసి నా వైపు తిరిగాడు.

"నేను తొక్కకముందే పోతుందేందిరా? అసలు ఎవని మాట వింటదిది?"

"దానికి తెలివి ఎక్కువ మామా."

"ఇంట్ల తెలివి నాకొక్కనికి ఉంటె సాలు."

నాలుగు రోజుల్లోనే బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో "పటేల్ ఎడమకాలికి పని లేకుండ పాయెనట" అనే మాట పుట్టి, మా ఇంటి గడప దాకా నడిచి వచ్చింది. టికెట్ అడిగే మనిషికి రెండు కాళ్లకూ పని ఉండాలి కదా. మామ నన్ను వెంటేసుకుని బండిని రామాయంపేటలో ఒక మెకానిక్ దగ్గరికి తోలాడు. అందరూ ఉస్తాద్ అని పిలిచే ఆ మనిషి బండి కింద దూరి, బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ పెదవి విరిచాడు.

"దీంట్ల నూనె తప్ప ఏమున్నది పటేలా? నా కాడ పాత జీపు గేరుబాక్సు ఒకటున్నది. గది పెడ్తె, మీరు గీడ గేరేస్తె నిజాంపేట దాక ఇనవడాలె."

మామకు కావలసింది సరిగ్గా అదే. మా అత్త మాత్రం ఈ సంగతి విని బియ్యం చెరగడం ఆపి, "మంచిగ నడిచేదాని కాళ్లు ఇరగ్గొట్టి కట్టెకాళ్లు పెట్టిస్తరా? పెట్టియ్యుండ్రి" అన్నది. అత్త మాటను మా ఇంట్లో అందరూ వినేవారు, ఎవరూ పాటించేవారు కాదు.

వారం అన్న పని వరి కోతల దాకా సాగింది. ఉస్తాద్ బండి అడుగున కన్నం కోశాడు, ఎక్కడిదో పెడలు తెచ్చి వేలాడదీశాడు, జీపు గేరుబాక్సును బతిమాలి, కొట్టి, చివరికి కూర్చోబెట్టాడు. అంతా అయ్యాక తాళం తిప్పితే ఇంజను పలకలేదు. పాత రాడ్డు, బండిని నిలిపి ఉంచే 'పి' అనే అక్షరం మీద ఉంటేనే తప్ప స్టార్టు కాకూడదని ఆ బండిని చేసినవాళ్లు దానికి నేర్పి పెట్టారట. ఆ నేర్పిన చదువును మరిపించడం ఉస్తాద్‌కు చేతకాలేదు. పీకేసిన రాడ్డును వైర్లతో సహా తెచ్చి మళ్లీ సీటు పక్కన బిగించాడు. అలా మా బండికి రెండు రాడ్లయ్యాయి. స్టార్టు కావడానికి ఒకటి, నడవడానికి ఇంకొకటి. సిగ్గుపడవలసిన ఈ సంగతికి మామ పొంగిపోయాడు. "రెండు గేర్ రాడ్ల బండి జిల్లాల ఇంకెవనికన్న ఉన్నదార?" అన్నాడు. లేదు మామా అన్నాను. అది అబద్ధం కాదు.

టికెట్లు పంచే పెద్దనాయకుడు మెదక్ వచ్చిన రోజున ఊరేగింపు మా బండి మీదే. వెనకాల తొట్టిలో ఆయన, పక్కన మామ, చుట్టూ పూలదండలు. స్టీరింగు దగ్గర నేను. ముందు డప్పులవాళ్లు. వాళ్ల వెనక మనిషి నడకతో సమానంగా పోవాలి. (చదివేవారికి ఇప్పటికే అర్థమై ఉంటుంది. మాకు మాత్రం ఆ క్షణం దాకా తట్టలేదు.) సగం క్లచ్ మీద నా ఎడమకాలు మొదట నొప్పెట్టింది, తర్వాత వణికింది, ఆ వణుకు బండికి పాకింది. బండి ఒక దూకు దూకి ఆగిపోయింది. పాత రాడ్డు 'పి'లోనే ఉందని చూసుకుని, కొత్త రాడ్డు న్యూట్రల్‌కు తెచ్చి, స్టార్టు చేసి, గేరు వేసి, మళ్లీ దూకు. మొదటి దూకుకు నాయకుడి కళ్లద్దాలు దండల్లో పడ్డాయి. రెండో దూకుకు ఆయనే పడ్డాడు. మూడోసారి కాలిన క్లచ్ వాసన మబ్బులా లేచింది. వెనక అద్దంలోంచి మామ మొహం కనిపించింది. ఆ మొహాన్ని నేను మళ్లీ చూడదలచుకోలేదు.

"ఏమయ్యా, బండి నడిపిస్తున్నవా, బర్రె మీద తోలుకపోతున్నవా?" అని నాయకుడు మామనే అడిగాడు.

మా వెనకే, టికెట్ మీద తనూ కన్నేసిన బియ్యం మిల్లు ఆసామి తన ట్రాక్టరు మీద తాపీగా వస్తున్నాడు. "గిట్ల రాండ్రి సార్, మెల్లగ పోదాం" అని చెయ్యి చాపాడు. నాయకుడు మా తొట్టి దిగి ఆ ట్రాలీ ఎక్కాడు. ఆయనతోపాటు టికెట్ కూడా దిగి ఎక్కింది. ఆ సంగతి ఊరంతటికీ అప్పుడే తెలిసిపోయింది, మామ ఒక్కడే జాబితా వచ్చేదాకా ఆగాడు.

బండిని నెట్టుకుంటూ ఇంటికి చేరితే అత్త వాకిట్లోనే ఉంది. "ఎన్కట దానంతటదే మెల్లగ పోతుండె గద, ఊరేగింపుకు గట్లనే గావాలె గద" అన్నది, అంతే. మామ చెప్పులు విడిచి లోపలికి వెళ్లిపోయాడు. చిన్నప్పటి నుంచీ డైరీలో రోజూ పేజీ నింపే నేను ఆ రోజు రెండే మాటలు రాశాను: కాలు నొప్పి.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఈ మధ్య డాక్టరు నా ఎడమ మోకాలు చూసి క్లచ్ ముట్టవద్దన్నాడు. కాబట్టి ఇప్పుడు నాదీ క్లచ్ లేని కారే. దాన్ని తెచ్చిన రోజు వెనక సీట్లో అత్తను కూర్చోబెట్టుకుని బ్రేకు మీది నుంచి కాలు తీశాను. బండి తనంతట తాను కదిలింది. "ఎవని మాట వింటదిది?" అనే మాట, నేను అనుకోకుండానే, మామ గొంతుతో నా నోట్లోంచి వచ్చింది.

వెనక సీట్లో అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, "రామాయంపేట దిక్కు తిప్పుతవా అల్లుడా, ఇంకో రాడ్డు పెట్టిచ్చుకుందాం" అన్నది. నవ్వుతూ మలుపు తిరిగాను. నా ఎడమకాలు మాత్రం అక్కడ లేని క్లచ్‌ను గట్టిగా తొక్కి పట్టుకునే ఉంది.